ఇంజిన్ నీళ్ల బావి

ఆ ఉదయం పాత స్టేషన్ దగ్గర ఉన్నవాళ్లం: నేను, మా అక్క, పక్కింటి లాగోడు, వద్దన్నా లాగోడి వెంటబడి వచ్చిన వాళ్ల మేకపిల్ల. మా దగ్గర ఉన్నవి: ఒక కొడవలి, సొట్టపోయిన సత్తు చెంబు, రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, గుడ్డపేలికలో మూటగట్టిన ఉప్పుకారం. లేనివి: లాగోడి కాళ్లకు చెప్పులు, మా ముగ్గురికీ పెద్దల అనుమతి, చెంబులో నీళ్లు. చెంబు తీసుకుపోయింది తాగడానికి కాదు. నీళ్లు దొరికితే ఇంటికి సాక్ష్యంగా తేవడానికి.

నేను ఇప్పుడు చేసే ఉద్యోగం బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలవడం. పొడవాటి టేపు, దాని కొసకు చిన్న లోహపు గుండు. గుండు నీటిని తాకగానే పైన నా చేతిలోని చక్రం కూతపెడుతుంది. అప్పుడు టేపు మీద అంకె చూసి రాసుకోవాలి. అంతే పని. పోయిన నెల శ్రీరాంపూర్ అవతల, గనిలోంచి తీసిన మట్టిని గుట్టగా పోసిన చోట, ఒక బోరు కొలవాల్సి వచ్చింది. టేపు చివరిదాకా దింపాను. కూత రాలేదు. ఏదైనా అడ్డం పడిందేమోనని వంగి చూస్తే పైపు మూతిలోంచి వెచ్చటి గాలి వచ్చి ముఖానికి తగిలింది. నానిన కట్టె, బొగ్గు, పేల్చిన మందు కలిసిన వాసన. నేను అక్కడే గుట్టనీడలో కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అనుకుని జీపు డ్రైవరు నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. తాగబుద్ధి కాలేదు.

ఆ వాసన నేను అంతకుముందు ఒకే ఒక్కసారి పీల్చాను. ఆ మట్టిగుట్ట కిందనే ఎక్కడో మా ఊరి స్టేషన్ ఉంది.

మా ఊరికి నీళ్లు ఒక వరుసలో పోయాయి. ముందు కుంట ఎండింది. తర్వాత పొలాల్లోని మోటబావులు. తర్వాత చేదబావి. ఆఖరికి బడి ముందరి చేతిపంపు. దాన్ని కొట్టికొట్టి పిల్లలం వదిలేశాక, అది ఇనుము ఇనుమును రాసుకునే ఏడుపు మానేసింది. వానలు సరిగా పడని మాట నిజమే. కానీ ఆ ఎండాకాలం పెద్దవాళ్లు వానను తిట్టడం మాని నేలను తిట్టడం మొదలుపెట్టారు. ఊరి కిందిదాకా బొగ్గుబాయి వచ్చిందని, లోపల ఊరే నీటినంతా మోటార్లతో తోడి గుట్టల అవతలి వాగులోకి పంపుతున్నారని, ఆ నీళ్లు మన బావులవేనని అనుకునేవారు. మా వైపు బావిని బాయి అంటారు, బొగ్గుగనిని బొగ్గుబాయి. మా మామ, అంటే మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు తమ్ముడు, ఆ బాయిలోనే పనిచేసేవాడు. ఇంటికొచ్చినప్పుడు ఈ మాట అడిగితే అతను అన్నం కలుపుతూ తల దించుకునేవాడు.

రోజు విడిచి రోజు ట్యాంకర్ వచ్చేది. ఇంటికి రెండు బిందెలు. మూడో బిందె పెడితే ట్యాంకర్ మనిషి కాలితో పక్కకు జరిపేవాడు. ఒకసారి మా నాయినమ్మ బర్రె కోసం ఇంకో బిందె అడిగితే, దానికి రేషన్ కార్డు ఉందా అని అడిగాడట. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

"దానికి కార్డు లేదు బిడ్డా. కని కార్డున్నోళ్లందరు దాని పాలతోనే చాయ తాగుతాండ్రు" అన్నది నాయినమ్మ.

మాకు ఉన్నది ఆ ఒక్క బర్రె. నల్లటి ఒళ్లు, తోక కొసన మాత్రం తెల్లటి కుచ్చు. పొలం పడావు పడ్డాక ఇల్లంతా దాని మీదే నడిచేది. బాపు, అంటే మా నాన్న, తెల్లవారుజామున పాలు పిండి, క్యాను సైకిలుకు కట్టుకుని నస్పూర్ కాలనీలో పోసి వచ్చేవాడు. వచ్చేటప్పుడు అదే క్యానులో ఏమైనా నీళ్లు దొరికితే పట్టుకొచ్చేవాడు. ఆవు ఎలాగోలా ఎండకు తట్టుకుంటుంది. బర్రెకు నీళ్లు తాగడానికే కాదు, ఒంటిమీదికీ కావాలి. పొర్లడానికి బురద లేక దాని వీపు మీద తోలు పెళుసుబారి గీతలు గీతలుగా పగిలింది. అక్క తడిగుడ్డతో దాని చెవులు తుడిచేది. ఆ గుడ్డను బర్రె నోట్లోకి లాక్కుని చప్పరించేది.

ఇంట్లో ఒక్క చుక్క నేల మీద పడేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, చేతులు కడిగిన నీళ్లు, అన్నీ కుడితి తొట్టిలోకే. అవ్వ పచ్చిపులుసు చేయడం మానేసింది. నూకలు నీళ్లలో ఉడికించే గట్క కూడా మానేసింది. నీళ్లు తక్కువ పట్టే జొన్నరొట్టె, దానిలోకి ఉల్లికారం. ఇప్పటికీ నాకు కరువు అంటే ఆ కాలిన రొట్టె వాసన, గొంతులో దిగక ఆగిపోయే ముద్ద. పళ్లేలు బూడిదతో తోమి గుడ్డతో తుడిచేవాళ్లం. రోజులు గడిచేకొద్దీ ఇంట్లో ప్రతి వస్తువుకూ బూడిద రుచి పట్టుకుంది.

ఒకరోజు బాపు సైకిలు దిగి క్యాను మూత తీసి చూపించాడు. అడుగున అరచెయ్యంత పాలు కూడా లేవు. కాలనీ వాళ్లు ఇక రావద్దన్నారట. అతను గొంతు పెంచే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని, అందరూ వినేటట్టు ఒక్కసారే చెప్పాడు.

"నీళ్లు దొరికితే ఉంటం. దొరక్కపోతే వచ్చే అంగడికి బర్రెను తోలుత. ఎనుకనే మనం లేస్తం."

లేవడం అంటే ఊరు విడిచి నస్పూర్‌లో ఒక గది కిరాయికి తీసుకోవడం, బాపు లారీల మీద లోడింగ్ పనికి పోవడం. నాయినమ్మ బర్రె వైపు తిరిగి కూర్చుని, మీరు పోండి నేను రాను అన్నది. ఆమె రానంటే రాదని మాకందరికీ తెలుసు. అంగడికి, అంటే పశువుల సంతకు, ఇంకా పదిపన్నెండు రోజులుంది.

స్టేషన్ సంగతి మా చెవిన పడింది ఆ రోజుల్లోనే. లాగోడి తాత వాకిట్లో చుట్ట తాగుతూ పాత రోజులు చెప్పేవాడు. మా ఊరికి ఒకప్పుడు రైలుండేది. బొగ్గు మోసే ఇంజిన్ మా స్టేషన్లో నిలబడి ఏనుగు తాగినట్టు నీళ్లు తాగేదట. ఆవిరి పట్టిన ఆ నీళ్ల వాసన వరి ఉడికినట్టు ఉండేదట. ఇంజిన్ కిందికి కారిన వేడినీళ్లలో ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునేవాళ్లట. గన్ని నీళ్లు యాడికెల్లి వచ్చేటియి తాతా అని అక్క అడిగింది. స్టేషన్ బాయిలకెల్లి అని ఆయన నోరు జారాడు. వెంటనే దగ్గు తెచ్చుకుని, మీకేం పని లేదా అని కసిరి తరిమేశాడు.

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. స్టేషన్ వైపు పోతే కాళ్లిరగ్గొడతానని నాయినమ్మ మమ్మల్ని చిన్నప్పటి నుంచీ బెదిరించేది. పాములుంటాయనేది. అక్కడ బావి ఉందని మాత్రం ఊళ్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎండిన బావులన్నిటి గురించీ పొద్దంతా మాట్లాడుకునే ఊళ్లో, ఆ ఒక్క బావి పేరు ఎత్తరు.

అలా తెల్లారి మేం ముగ్గురం, మేకపిల్లతో నలుగురం, బయలుదేరాం.

పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు. పొలాల మధ్య తిన్నగా గీత గీసినట్టు కంకర కట్ట ఒక్కటే మిగిలింది. దాని మీద సర్కారుతుమ్మ కమ్ముకుపోయి, వంగి నడిస్తే తప్ప దారి లేదు. లాగోడు ఒక చేత్తో మేకను, ఒక చేత్తో జారిపోయే లాగును పట్టుకుని నడిచాడు. వాడికి ఆ పేరు వచ్చింది అందుకే. కంప చీరుకుపోయి ముగ్గురి కాళ్ల మీదా నెత్తురు గీతలు. కట్ట పక్కన వరుసగా సీతాఫలం చెట్లు. ఒకప్పుడు రైలెక్కిన జనం తిని ఊసిన గింజలవి అయ్యుండాలి.

స్టేషన్ అంటే రెండు గదులు, ముందు ఒక వరండా. పెంకులు కూలిపోయి దూలాల మధ్య ఆకాశం కనబడుతోంది. తలుపులు, కిటికీ చట్రాలు ఎవరో మోసుకుపోయారు. పోనివి మాత్రమే మిగిలాయి: గోడలో టికెట్లిచ్చే అర్ధచంద్రపు కంత, చెక్కలు లేని బెంచీకి రెండు ఇనుప కాళ్లు, మంట ఆర్పే బాల్టీలకు వరసగా కొక్కేలు, గడియారం ఉన్న చోట గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ. ఆ మచ్చ కింద మేకుకు పాము కుబుసం వేలాడుతోంది. గబ్బిలాల కంపు, పాత సున్నం వాసన. ఎండలో నడిచొచ్చిన మాకు ఆ చీకటి గది చల్లగా, నీళ్లున్న చోటులాగే అనిపించింది. అక్క గోడకు చెంప ఆనించి కాసేపు నిలబడింది.

లాగోడు లోపలి గదిలోకి పోయి టికెట్ కంతలో మూతి పెట్టాడు. వేపాకులు టికెట్లు. నేను బొంబాయి అడిగాను. ఇచ్చాడు. మేకపిల్లకు సగం టికెట్ కుదరదు, దానికి నాలుగు కాళ్లున్నయి, డబుల్ టికెట్ అన్నాడు. మేం నవ్వుకున్నాం. అక్క కంత దగ్గరికి వచ్చి, నీళ్లున్న ఊరికి ఒకటియ్యిరా అన్నది. వాడు ఆకు తుంచబోయి ఆగాడు.

"గా ఊరికి బండి లేదక్కా" అన్నాడు. ఆ తర్వాత ఆట సాగలేదు.

వరండా దూలానికి మూరెడు పట్టా ముక్క ఒకటి తీగతో వేలాడదీసి ఉంది. బండి వచ్చే ముందు కొట్టే గంట అది. లాగోడు రాయి తీసుకుని దాన్ని కొట్టాడు. ఆ మోత ఎండిన పొలాల మీదుగా ఊరి వైపు పోతూనే ఉంది. మేం భయపడి, ఆ పట్టా ముక్కను రెండు చేతులా పట్టుకుని ఆపాం.

ప్లాట్‌ఫాం చివర, ముళ్లకంపలో, ఇంజిన్‌కు నీళ్లు పోసే ఇనుప స్తంభం దొరికింది. పైన వంగిన మెడ, కొంగలాగ ఉంది. దాని అడుగు నుంచి లావుపాటి గొట్టం నేలలోకి పోయింది. ఈ కొసన నీళ్లు వచ్చాయంటే ఆ కొసన నీళ్లు ఉండాలి కదా అన్నాను నేను. అంత తెలివైన మాట నేను మళ్లీ జీవితంలో ఎప్పుడూ అనలేదనిపిస్తుంది. అక్క కొడవలితో కంప కొట్టింది. గొట్టం కనబడిన చోటల్లా రాయితో తట్టి, మోగితే ముందుకు, మోగకపోతే తుప్పు మరక చూసుకుంటూ పక్కకు, అలా పోయాం. గొట్టం కప్పు లేని పంపు గది దాటింది. ఆ వెనక, ఆకుల మధ్య, చెక్కిన రాళ్లు గుండ్రంగా పేర్చిన ఒర.

పరుగెత్తాం. చెంబు నా చేతిలోనే ఉంది.

ఒర అంచు దాకా మట్టి. నిండుగా, చదునుగా, తల కొట్టి కొలిచిన కుంచంలా మట్టి. నడిమధ్యలో ఒక సీతాఫలం చెట్టు మొలిచి నా ఎత్తుకు రెండింతలు పెరిగింది. సీతాఫలం ఆకు మేకలు ముట్టవు. ఆ పిల్ల ఒకసారి వాసన చూసి తుమ్మి పక్కకు జరిగింది.

లాగోడు ఏడుపు మొదలుపెట్టాడు. అక్క మాత్రం వంగి మట్టి పిడికిళ్లతో తీసి ఎండలో చూసింది. ఒక చోట ఎర్రది. పక్కనే నల్లరేగడి. ఇంకో చోట తెల్లటి చౌడు. ఎర్రది గుట్టకింది చేన్లది, నల్లది మా చేనిది, చౌడు కుంటకిందోళ్లది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఏ మట్టి ఎవరిదో చెప్పనక్కర్లేదు.

"ఒక్కలు పోసింది గాదురా. అందరు పోసిండ్రు" అన్నది.

ఇంటికొచ్చేసరికి నాయినమ్మ గడపలో నిలబడి ఉంది. మా కాళ్ల గీతలు చూడలేదు. చేతిలో కొడవలి చూడలేదు.

"గంట ఎవలు కొట్టిండ్రు?" అన్నది.

మేం చెప్పకముందే నాకు రెండు దెబ్బలు పడ్డాయి. అక్క చెప్పింది. గొట్టం, ఒర, మూడు రంగుల మట్టి. నాయినమ్మ చెయ్యి దించి, బర్రె కట్టేసిన గుంజకు ఆనుకుని నేల మీద కూర్చుంది. అక్కడి నుంచే చెప్పింది. ఆ మాటలు నాకు చెప్పినట్టు లేవు, బర్రెకు చెప్పినట్టున్నాయి.

"మీ తాతకు జరమొచ్చి మూడొద్దులాయె. మంచమ్మీద ఏసుకొని టేషన్‌కు మోసుకపోయినం, మంచిర్యాల దవాఖానకు పోదామని. గంట కొట్టలే. పాసింజర్ ఆగకుంటనే పోయింది. గా నెలకెల్లి మా ఊర్ల ఆగుడు బందంట. మాకెవలు చెప్పిండ్రు? ఎనుక బొగ్గుబండి వచ్చి కొంగ కింద నిలవడ్డది. తాగుతాంది, తాగుతాంది, మన బాయి నీళ్లు. నేను డ్రైవర్ కాళ్ల మీద వడ్డ. గిది మనుషుల బండి గాదమ్మా అన్నడు. తన రుమాలు తడిపిచ్చిండు. గంతే. దాని కడుపు నిండినంక కూతవెట్టి పోయింది. మీ తాత గాడనే పోయిండు."

మిగతాది ఆ సాయంత్రం బాపు చెప్పాడు. దినాలయ్యాక ఊరంతా ఊరి నడుమ పాతిన బొడ్రాయి దగ్గర కూడింది. మన మనిషి కోసం ఆగని రైలుకు మన నీళ్లు ఎందుకన్నారు. లాగోడి తాతే ముందు ఆ మాట అన్నది. ఇంటికొక బండి మట్టి తేవాలని, బావి పూడ్చాలని, మళ్లీ తెరిచినవాడి ఇంటి దీపం ఆరిపోవాలని ఒట్టు పెట్టుకున్నారు. మొదటి గంప నాయినమ్మ పోసింది. మా చేని మట్టి బండి తోలింది పెళ్లికాని కుర్రాడైన బాపు. అందరూ ఇంజిన్ వచ్చి, కొంగ కింద నిలబడి, దాహంతో అరిచి, వెనక్కి పోవడం చూడాలని ఎదురుచూశారు. ఇంజిన్ వచ్చింది, ఆగకుండా పోయింది. తర్వాత డీజిల్ బండ్లు వచ్చాయి. వాటికి నీళ్లక్కర్లేదు. ఆ తర్వాత ఆ లైను మీద బొగ్గే అయిపోయింది. పట్టాలు పీకేశారు.

"మేం బాయి పూడ్చినమని రైలుకు తెలువనే తెలువది" అన్నది నాయినమ్మ చీకట్లోంచి.

మా వాకిట్లోకి మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లెవరూ బావి తెరుద్దామని నోరు తెరిచి అనలేదు. వాన మబ్బుల గురించి మాట్లాడేవాళ్లు, ట్యాంకర్ గురించి మాట్లాడేవాళ్లు, తర్వాత మాట ఆపి నాయినమ్మ వైపు చూసేవాళ్లు. మొదటి గంప పోసిన చెయ్యే మొదటి గంప తియ్యాలి. అది పద్ధతి. నాయినమ్మ తమలపాకు ఈనె తీస్తూ, అది నా ఒట్టు కాదు ఊరి ఒట్టు అనేది. లాగోడి తాతకు ఓపిక నశించింది. వదినే, నీ బర్రె మూలుగుడు మా ఇంటిదాంక వినవడుతాంది అన్నాడు. వినవడాలె, పెట్టించిన ఒట్టు నీదే గదా అని ఆమె అన్నది. ఆయన చుట్ట ఆర్పుకుని వెళ్లిపోయాడు.

అంగడి దగ్గరపడింది. ఒక ఉదయం బర్రె లేవలేదు. బాపు, అవ్వ చెరో పక్క పట్టి లేపారు. పొదుగు కింద చెయ్యి పెట్టి బాపు ఊరికే తీసేశాడు. నాయినమ్మ దాని మెడ నిమిరింది. బర్రె తల తిప్పి ఆమె మోచేతి మీది చెమటను నాకింది. గరుకు నాలుకతో, మళ్లీ మళ్లీ, ఆ చెయ్యి ఎర్రబడేదాకా. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తర్వాత లోపలికి పోయి ఆ రోజుకు తన వంతు తాగే నీళ్లు చెంబులో పోసుకుని, గంప చంకన పెట్టుకుని బయటికి నడిచింది. నేను వెంట పోయాను. బొడ్రాయి మీద ఆ చెంబెడు నీళ్లూ పోసింది. కాలిన రాయి సుయ్యిమని తాగింది. చూస్తున్న ఆడవాళ్లు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నీళ్లు పోతున్నందుకో, ఒట్టు పోతున్నందుకో.

"ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న. తగిలితే నాకే తగలాలె. ఊరికి గాదు" అన్నది.

ఆమె తీసిన మొదటి గంప నల్లమట్టి. మా చేనిదే.

ఆ వారం ఊరు ఊరంతా స్టేషన్లోనే ఉంది. సీతాఫలం చెట్టును వేళ్లతో సహా పెకలించారు. ఒర మీద దూలం వేసి గిరక కట్టారు. ఇద్దరు లోపల తవ్వేవాళ్లు, పదిమంది లాగేవాళ్లు, ఆడవాళ్లు వరసలో నిలబడి గంపలు అందించేవాళ్లు. ఎవరి మట్టి కనబడితే వాళ్లకు ఎగతాళి: మీ మట్టే బావా, మీ లెక్కనే గట్టిగున్నది, గడ్డపార దిగుతలేదు. చాలా రోజుల తర్వాత జనం నవ్వడం విన్నాను. నీళ్లు లేక చెమట కూడా సరిగా పట్టని ఒళ్లతో పొద్దంతా తవ్వారు. ట్యాంకర్ నీళ్లలో సగం తవ్వేవాళ్లకే పోశారు. పిల్లలం గులకరాళ్లు నోట్లో పెట్టుకుని చప్పరించాం. అలా చేస్తే దాహం వేయదని లాగోడు చెప్పాడు. వేస్తుంది.

సగం దాటాక మట్టి రంగు మారింది. పైకి వచ్చిన గంపలోంచి ఒక పెళ్ల తీసి అక్క నా చెంపకు ఆనించింది. చల్లగా ఉంది. కింది మట్టి తడిగా ఉందన్న కబురు ఊళ్లోకి పోయింది. మర్నాడు పొద్దున్నే ఒర చుట్టూ బిందెలు వరసకట్టి ఉన్నాయి. గుర్తుకు ఒకరు గాజుముక్క, ఒకరు చీర పేలిక కట్టారు. అవ్వ మా రెండు బిందెలూ తోమి తెచ్చింది. బాపు బర్రెను నడిపించుకొచ్చి పంపు గది నీడలో కట్టాడు. అది మూతి పైకెత్తి తడిమట్టి వాసన పట్టి, ఎన్నో రోజుల తర్వాత అరిచింది. నాయినమ్మ ఒర పక్కన రాయి మీద కూర్చుని ఉంది. లోపలికి తొంగి చూడలేదు.

ఆ రోజు దిగింది బాపు. నడుముకు మోకు కట్టారు. ముందుగా వెలిగించిన కందిలి దింపి చూశారు. పాత బావిలో మనిషి కంటే ముందు దీపం దిగాలి. దీపం నిలకడగా వెలిగింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన మామ గిరక దగ్గర మోకు పట్టుకున్నాడు. కింద గడ్డపార పడుతున్న చప్పుడు మెత్తగా వినిపిస్తోంది. ఒక్కో పోటుకూ పైన ఎవరో, వచ్చింది వచ్చింది అంటున్నారు.

ఒక పోటుకు చప్పుడు రాలేదు.

గడ్డపార నేలలోకి దిగి ఆగలేదు. బాపు చేతుల్లోంచి అలాగే జారిపోయింది. అది పడ్డ మోత వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కూడా అది మా బావిలో పడ్డట్టు లేదు, వేరే ఊళ్లో ఎవరిదో పడ్డట్టు ఉంది. ఆ వెనకే బాపు కాళ్ల కింది మట్టి కుంగి లోపలికి పోయింది. మోకు ఒక్క గుంజు గుంజింది. దూలం కిర్రుమంది. లాగండి అన్న మామ కేక ఒక్కటే నాకు తెలుసు. బాపును ఒర మీదికి చేర్చేసరికి అతని రెండు మోచేతులూ చెక్కుకుపోయి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కాని ఎవరినీ చూడటం లేదు. అవ్వ అతన్ని పట్టుకుని, బతికుంటే చాలు, బతికుంటే చాలు అని అదే మాట అంటోంది.

అప్పుడు బావిలోంచి గాలి వచ్చింది. బావి గాలి చల్లగా ఉంటుంది. ఇది వెచ్చగా ఉంది. ఒర చుట్టూ ఉన్న ఆడవాళ్ల కొంగులు కొద్దిగా లేచాయి. నానిన కట్టె, బొగ్గు, పేల్చిన మందు. మామ అందరినీ వెనక్కి జరగమన్నాడు. కందిలి మళ్లీ దింపాడు. సగం లోతు పోకముందే దీపం ఎర్రబడి, చిన్నదై, ఆరిపోయింది.

మామ ఆరిన కందిలిని పైకి లాగి నేల మీద పెట్టాడు.

"గిది మా బొగ్గుబాయి గాలి" అన్నాడు. "కింద మేం బొగ్గు తీసిన జాగ ఖాళీగున్నది. నెర్రె వడ్డది. నీళ్లు ఎప్పుడో అందులకు దిగిపోయినయి."

లాగోడి తాత తలపాగా తీసి ముఖం కప్పుకున్నాడు. నాయినమ్మ అప్పుడు లేచింది. ఒర దగ్గరికి వచ్చి మొదటిసారి లోపలికి చూసింది.

"తగిలింది" అన్నది.

మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మీరు పూడ్చకపోయినా ఈ నీళ్లు పోయేవేనని, దీనికి ఒట్టుతో సంబంధం లేదని, కింద గని వస్తే పైన బావి నిలవదని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నేను తర్వాత చదివిన చదువంతా ఆ మాటే చెప్పింది. ఇప్పుడు నేను అదే విషయాన్ని గీతలు గీసి, అంకెలు వేసి చూపించగలను. ఆ రోజు ఆమె అతని ముఖంలోకి చూసి, నువ్వు మంచోనివి కొడుకా అని మాత్రం అన్నది. నమ్మలేదు. చివరిదాకా నమ్మలేదు.

ఆడవాళ్లు బిందెలు తీసుకున్నారు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు కట్ట పొడుగునా ఊరిదాకా పోయింది. బర్రె కదలనంది. దాని మూతి ఇంకా ఒర వైపే ఉంది. అక్క దాని కళ్లకు కొంగు అడ్డం పెట్టి నడిపించాల్సి వచ్చింది.

అంగడికి దాన్ని బాపు ఒక్కడే తోలుకుపోయాడు. అమ్మిన పశువుతో పలుపు ఇవ్వరు మా వైపు. సాయంత్రం ఆ పలుపు భుజాన వేసుకుని వచ్చాడు. నాయినమ్మ దాన్ని తీసుకుని, ముడులు విప్పి, మళ్లీ చుట్టి, గుంజకు తగిలించింది. ఎవరు కొన్నారని ఆమె అడగలేదు. ఆ రాత్రి గుంజ దగ్గర ఎవరూ లేకపోయినా అవ్వ అలవాటు కొద్దీ బియ్యం కడిగిన నీళ్లు తొట్టిలో పోసి, పోశాక చూసుకుని, అక్కడే కూలబడింది.

ఆ తర్వాత ఊరు లేవడం మొదలైంది. చెప్పి పోయినవాళ్లు కొందరు, తలుపుకు కంప అడ్డం పెట్టి పోయినవాళ్లు కొందరు. లాగోడి వాళ్లు భివండి పోయారు. వాడు వెళ్లేటప్పుడు నాకో వేపాకు ఇచ్చి, బొంబాయికి టికెట్ అన్నాడు. భివండి బొంబాయి పక్కనేనట. మేకపిల్లను అంతకుముందే అమ్మేశారు.

మిగిలినవాళ్లకు ఇంకొక పని ఉంది. నోరు తెరిచి విషపు గాలి వదిలే ఆ బావిని అలా వదలకూడదు, పశువో పసిపిల్లో పడతారని మామ చెప్పాడు. తీసిన మట్టి గట్టు మీదే ఉంది. ఎర్రది, నల్లది, తెల్లది అన్నీ కలిసిపోయి ఇప్పుడు ఏది ఎవరిదో తెలియడం లేదు. ముందుగా కింద కంతకు అడ్డం పడేలా స్టేషన్ బండలు, బెంచీ కాళ్లు, ఆఖరికి ఆ గంట కూడా లోపలికి వేశారు. తర్వాత మట్టి. మొదట ఇంటికొక గంప పొయ్యాలి, ఆ తర్వాత పారలు. అది పద్ధతి. మొదటి గంప కోసం అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. నాయినమ్మ గంప ఎత్తింది.

ఆమె మాతో నస్పూర్ గదికి వచ్చింది. రానన్న మనిషి, మారు మాట్లాడకుండా వచ్చింది. అక్కడ వీధి నల్లాలో రెండు పూటలా నీళ్లు వచ్చేవి. అవి ఎక్కడి నీళ్లో ఆమెకు ఎవరో చెప్పారు. గని తోడిన నీళ్లేనట, శుభ్రం చేసి పంపుతారట. ఆ రోజు నుంచి ఆమె గ్లాసు ఎత్తి పట్టుకుని, తాగే ముందు కాసేపు ఆ నీళ్లను చూసేది. ఎందుకు చూస్తున్నవని అడిగితే, మనూరివేమోనని, గుర్తువడుతానని అనేది.

ఆ బోరు దగ్గర నేను నీటిమట్టం గడిలో అడ్డగీత గీశాను. కూత వినపడకపోతే అలా గియ్యాలి. గుట్ట మీద ఇప్పుడు వరసగా మొక్కలు నాటారు. దాని కింద స్టేషన్, స్టేషన్ వెనక ఒర, ఒరలో మట్టి. మొదటిసారి ఆ బావి పూడ్చిన రోజు ఇంటికొక బండి చొప్పున ఎనభై ఆరు బండ్లు వచ్చాయని నాయినమ్మ చెప్పేది. రెండోసారి పూడ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పంపు గది నీడలో కూర్చుని ఇంటికొక గంప చొప్పున లెక్కపెట్టాను. మాది కలిపి పంతొమ్మిది.